పద్నాలుగో పేజీలో తలుపు

హనుమకొండ బస్టాండు ఎదురుగా, జిరాక్స్ షాపు మీది గదిలోకి మెట్లెక్కి వచ్చేసరికి సువార్తమ్మకు ఊపిరి అందడం లేదు. ఆమె చెయ్యి పట్టుకుని మనవరాలు షారోన్ నిలబడింది. శుక్రవారం పొద్దున పదకొండు గంటలకు యూనిఫాంలో ఉన్న పిల్ల బడిలో కాకుండా ఇక్కడ ఉందంటే, బడే తరిమేసి ఉండాలి. డిటెక్టివ్ వెంకట్రాజం వాళ్లకు కుర్చీలు చూపించాడు.

"నా మనుమరాలిని దొంగ అంటాన్నరు సారూ," అంది సువార్తమ్మ. "నిన్న ప్రేయర్ల అందరి ముందట అన్నరు. రేపు టీసీ చేతిల పెడ్తరట. పదో తరగతి పిల్ల. పరీక్షలు రెండు నెలల్ల ఉన్నయి."

"ముందు నీళ్లు తాగమ్మా. ఏం పోయింది?"

"గంట," అంది షారోన్.

వెంకట్రాజం ఏడో తరగతిలో బడి మానేసి పదిహేనేళ్లు ఇళ్లకు సున్నాలు వేశాడు. ఆ తర్వాతే ఈ పరిశోధనలోకి వచ్చాడు. అతని సహాయకురాలు వినోద చరిత్రలో ఎమ్మే, ఆపైన బీఈడీ. ఆ రెండు పట్టాలు తనకు నేర్పనిది ఈ మనిషి గోడను చూసి చెప్పగలడని ఆమె నమ్మకం. ఆమె పుస్తకం తెరిచి రాసుకోసాగింది.

షారోన్ చెప్పింది. వాళ్ల స్కూలు కాజీపేట దగ్గర ఒక పాత దొరల బంగళాలో నడుస్తుంది. ఆ కాలపు దొరసాని నౌకర్లను పిలవడానికి వాడిన ఇత్తడి గంట ప్రిన్సిపాల్ బల్ల మీద ఉండేది. షారోన్ హిస్టరీ ప్రాజెక్టు ఆ బంగళా మీదే: అందులో ఎవరు ఎట్లా బతికారు, ఏం తిన్నారు, ఎవరు వండారు, ఎవరు నీళ్లు మోశారు. అరవై పేజీలు. జిల్లా ఎగ్జిబిషన్‌కు దాన్నే పంపుతామన్నారు. బుధవారం మధ్యాహ్నం ప్రిన్సిపాల్ మీటింగుకు పోయినప్పుడు, షారోన్ అనుమతి తీసుకునే ఆ గదిలో కూర్చుని గంట బొమ్మ గీసింది.

"ఒంటి గంటకు లేచిన. గంట అక్కడనే ఉన్నది సార్, గుడ్డతోని తుడిచి పెట్టిన. నేను బయటికి రాంగనే ఆయమ్మ తాళమేసింది. మేడం మూడున్నరకు వచ్చి చూస్తే లేదు."

"ఒంటి గంట నుంచి నువ్వెక్కడున్నవ్?"

"మ్యాథ్స్ టెస్టు. నలభై మందిమి. మూడున్నర దాకా ఎవ్వరం లేవలే."

వినోద, షారోన్ తెచ్చిన ప్రాజెక్టు తిరగేస్తూ ఒకచోట ఆగింది. "అన్నా, ఈ పద్నాలుగో పేజీ చూడు."

"అది నేను చెప్పిందే," అంది సువార్తమ్మ. "నా తల్లి దీనమ్మ ఆ బంగ్లల పాకీ పని చేసేది. దొరసాని గంట ఒక్కసారి కొడ్తే చాయ్. రెండుసార్లు కొడ్తే ఆయా. మూడుసార్లు కొడ్తే నా తల్లి. ముందటి తలుపు తొక్కనియ్యలే ఆమెను. స్నానాలగది వెనక ఒక పొట్టి తలుపు. వంగి పోవుడు, కుండెత్తుకొని వంగి వచ్చుడు."

"ఈ ముచ్చట ఇంకెవరికన్నా చెప్పినవా?"

"అడిగినోళ్లెవరు సారూ? డెబ్బై అయిదేండ్లకు ఈ పిల్ల అడిగింది."

*

ప్రిన్సిపాల్ పద్మలత వెంకట్రాజాన్నీ వినోదనూ చూసి సంతోషించలేదు.

"పోలీసులను పిలవలేదంటే అది మా మంచితనం," అంది.

"అవును మేడం. పిల్లను దొంగ అనడానికి పోలీసులు కూడా అక్కరలేదన్నంత మంచితనం," అన్నాడు వెంకట్రాజం. "తాళంచెవులు ఎన్ని?"

"రెండు. నాదొకటి, అనసూయదొకటి."

ఆయా అనసూయ కొంగు ముడి చూపించింది. "నాది గిక్కడనే ఉండె. గేటు కాడ కూసుంటె ఈ తలుపు కనబడ్తది. మేడం వచ్చేదాకా దీని దిక్కు ఎవ్వరు రాలే. ఆ పిల్లను అనుడు నాకైతే మనసొప్పుతలేదు సారు."

కిటికీలకు ఇనుప ఊచలున్నాయి. గదికి లోపల ఇంకో చిన్న గది, ఒకప్పటి స్నానాలగది. ఇప్పుడు స్టోర్‌రూం.

"దానికి దారి నా గదిలోంచే," అంది పద్మలత. "అనసూయ ఊడుస్తుంది. మ్యాపుల కోసం సోషల్ సార్ వస్తాడు. ఇంకెవరికీ అందులో పని లేదు."

అప్పుడే సోషల్ సార్ భానుచందర్ గుమ్మంలో తల పెట్టాడు. ఇస్త్రీ చొక్కా, వేలికి తిప్పుతున్న తాళాల గుత్తి.

"మేడం, గ్లోబు పెట్టె తీసుకపోత. ఎయిత్ క్లాసుకు కావాలె."

"ఇది తేలేదాకా లోపలి వస్తువు ఒక్కటీ కదలదన్నా కదా సార్. నిన్న కూడా చెప్పాను."

వెంకట్రాజం అతని వైపు తిరిగాడు. "సార్, షారోన్ ప్రాజెక్టు చదివిండ్రా?"

"అరవై పేజీలా? అట్ట కూడా తెరవలే. మాకు సిలబస్ అనేది ఒకటుంటది, మీకు తెల్వదు గావచ్చు."

"తెల్వదు సార్. ఏడుతోని ఆపిన. బుధవారం ఒంటి గంట తర్వాత ఎక్కడున్నరు?"

"రెండింటి నుంచి నాకు లీజర్. స్టాఫ్‌రూంల ఒక్కన్నే పేపర్లు దిద్దుకున్న."

"గంట దొరుకుతదంటరా?"

భానుచందర్ నవ్వాడు. "ఇంకెక్కడిది? మూడుసార్లు కొట్టి పిలుద్దామన్నా గంటే లేకపాయె."

అతను పోయాక వెంకట్రాజం స్టోర్‌రూంలోకి నడిచాడు. మ్యాపుల స్టాండును పక్కకు జరిపి, వెనకున్న గోడ మీద అరచేత్తో నిమిరాడు. కిందికి వంగి నేల మీది సున్నపు పెళ్లలు రెండు ఏరాడు. వేలు దేనికో తాకించి వాసన చూశాడు.

"కొబ్బరినూనె," అన్నాడు వినోదతో. తర్వాత బంగళా వెనక్కి పోయి అక్కడ పేర్చిన విరిగిన బెంచీలను చాలాసేపు చూసి వచ్చాడు. "నాలుగింటికి అందరినీ మేడం గదిలో కూర్చోబెట్టాలె. ముసలమ్మను కూడా. వరండాల నిలబెట్టొద్దు, లోపల కుర్చీ వెయ్యాలె."

*

నాలుగింటికి పద్మలత, భానుచందర్, అనసూయ, సువార్తమ్మ, షారోన్ ఆ గదిలో కూర్చున్నారు. వెంకట్రాజం తలుపుకు లోపల తాళం వేయించి, చెవి పద్మలత చేతికే ఇచ్చాడు.

"కిటికీలకు ఊచలున్నయి. చెవి మేడం చేతిల ఉన్నది. ఇప్పుడు ఇక్కడికి ఎవరన్నా రాగలరా?"

"ఎట్ల వస్తరు?" అన్నాడు భానుచందర్.

వెంకట్రాజం వేలి ముడులతో బల్ల మీద మూడుసార్లు కొట్టాడు.

స్టోర్‌రూంలోంచి వినోద నడిచి వచ్చింది. జుట్టు మీద, భుజాల మీద తెల్లగా సున్నం. సువార్తమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"దీనమ్మ వచ్చిన దారి," అన్నాడు వెంకట్రాజం. "లోపల మ్యాపుల స్టాండు, బయట బెంచీలు. మధ్యల తలుపున్నదని అందరు మరిచిన్రు. డెబ్బై ఏండ్ల సున్నం ఆ సందును మూసింది. నేను సున్నమేసినోన్ని, మూసిన సందు తెలుసు, తెరిచిన సందు తెలుసు. పెళ్లలు మొన్నమొన్న రాలినయి. గడియకు నూనె పెట్టిన్రు. లోపలి గడియ తీసి ఉన్నది, ఎందుకంటే బయటికి పోయినోడు లోపల గడియ పెట్టలేడు."

"అయితే ఈ పిల్లే కావచ్చు. తలుపు గురించి రాసిందే ఆమె," అన్నాడు భానుచందర్.

"గదిల ఉన్నప్పుడే తీసుంటే ఆమెకు ఆ తలుపెందుకు? తర్వాత టెస్టు విడిచి ఆమె లేవలేదు, నలభై మంది సాక్షి. ఇగ మేడంకు, అనసూయకు చెవులున్నయి. చెవి ఉన్నోళ్లకు ఆ దొడ్డిదారి ఎందుకు? చెవి లేనోడు, ముందుగాల లోపలికి పోయి గడియ తీసి పెట్టుకోగలిగినోడు ఒక్కడే. మ్యాపుల సార్."

"నాకు తలుపు సంగతే తెల్వదు."

"అట్ట కూడా తెరవలేదన్నరు. మరి మూడుసార్లు కొట్టి పిలుద్దామని ఎట్లన్నరు? మూడు ముచ్చట పద్నాలుగో పేజీల తప్ప ఈ లోకంల ఇంకెక్కడ లేదు."

భానుచందర్ చేతిలో తాళాల గుత్తి ఆగింది.

"గంట బయటికి పోలే," అన్నాడు వెంకట్రాజం. "పట్టపగలు చేతిల పట్టుకొని బెంచీల నడుమ దూరితే ఎవరన్నా చూస్తరు. అందుకే లోపలనే దాచి, ఒట్టి చేతులతోని పోయిండు. నిన్నటి సంది గ్లోబు పెట్టె కోసం తిరుగుతాండు. మేడం, దాని చెవి ఎవరి దగ్గరుంటది?"

"సార్ దగ్గరే," అంది పద్మలత నెమ్మదిగా.

వినోద ఆ గుత్తి తీసుకుని, స్టోర్‌రూంలోంచి పెట్టెను బల్ల మీదికి తెచ్చి తెరిచింది. గ్లోబు పక్కన గంట. మోగకుండా నాలుకకు చాక్‌పీసు మరకలున్న చేతిరుమాలు చుట్టి ఉంది.

పద్మలత ఆ రుమాలును చూసి భానుచందర్ వైపు తిరిగింది. "సోమవారం వచ్చి, షారోన్‌ది వద్దు, ఆమె క్లాస్‌మేట్ హారిక ప్రాజెక్టే ఎగ్జిబిషన్‌కు పంపుదామన్నారు. దొరల తోట, టీ పార్టీలు. అది మీరు రాసిచ్చిందే అని నాకు తెలుసు. షారోన్‌దే బాగుందన్నాను. అందుకా సార్, ఈ పిల్ల మీద దొంగతనం వేశారు?"

"బాగుందా?" భానుచందర్ లేచాడు. "పాకీదాని కథ తీసుకపోయి కలెక్టర్ ముందట పెడ్తరా? ఇరవై ఏండ్ల సంది హిస్టరీ చెప్తాన్న నేను."

"చెప్తాన్నరు సార్," అంది షారోన్. "ఆ తలుపు ముందటనే మ్యాపు పెట్టుకొని చెప్తాన్నరు."

భానుచందర్ తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. పద్మలత చెవి ఇవ్వగానే తలుపు తీసుకుని బయటికి నడిచాడు. అతని మీద రాతపూర్వకంగా కంప్లెయింట్ ఇవ్వక తప్పదని వినోద చెబితే, పద్మలత తల ఊపింది.

"షారోన్, జరిగిందేదో జరిగింది. టీసీ లేదు. రేపు క్లాసుకు రా. ఈ మాట బయట అనకండి."

"దొంగ అన్నది ప్రేయర్ల, మేడం," అంది షారోన్. "కాదన్నది కూడా ప్రేయర్లనే చెప్పాలె. మైకుల. పద్నాలుగో పేజీ కూడా అక్కడనే చదువుత."

పద్మలత వెంకట్రాజం వైపు చూసింది. అతను కిటికీ ఊచలు చూస్తున్నాడు. "సరే," అంది చివరికి.

సువార్తమ్మ లేచింది. బల్ల మీది పెట్టెలోంచి గంటను తీసి, నాలుకకు చుట్టిన రుమాలు విప్పి కింద పడేసింది. ఒక్కసారి మోగించింది. ఆ మోత వరండా దాకా పోయింది.

"ఒక్కసారి కొడ్తే చాయ్," అంది.

అలవాటు చొప్పున అనసూయ లేవబోయింది.

"నువ్వు కూసో బిడ్డా," అంది సువార్తమ్మ, కళ్లు పద్మలత మీదే పెట్టి. "నిన్ను కాదు పిలిచింది."

అనసూయ మళ్లీ కూర్చుంది. కాసేపటికి ప్రిన్సిపాల్ కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.