గుమ్మంలో ఆగిన గుండ్రటి బల్ల

ఫర్నిచర్ షాపులోకి వస్తూనే ఆ అమ్మాయి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఒక కర్టెన్ ముక్క, ఒక దిండు గలీబు, గోడ రంగు పూసిన అట్టముక్క తీసి డైనింగ్ టేబుల్ మీద వరసగా పేర్చింది. షాపు నడిపే కుర్రాడు పరుగున వచ్చాడు.

"ఏవండీ, అది పాలిష్ ఆరని బల్ల!"

"ఆ మాట రాసి పెట్టొచ్చుగా?"

"పెట్టాను. దాని మీదే మీ గలీబు పెట్టారు."

ఆమె గలీబు ఎత్తి చూసింది. బోర్డు ఉంది. నాలిక కరుచుకుంది, కానీ తగ్గలేదు.

"సారీ. గోడలు లేత నీలం, కర్టెన్లు పసుపు. వాటికి మ్యాచ్ అయ్యే టేబుల్ కావాలి. రంగు విషయంలో నన్ను మోసం చేయలేరు. నేను పళ్ళ డాక్టర్ని. కట్టుడు పన్నుకి పక్క పన్ను రంగు కలపడం నాకు రోజూ ఉండే పనే."

"రంగు ఆఖర్న చూద్దామండీ. ముందు మీ ఇంట్లో ఎవరు ఎక్కడ కూచుని తింటారో చెప్పండి."

ఆమె ధాటి కాస్త తగ్గింది.

"నాన్న టీవీ ముందు, బామ్మ మంచం మీద, నేను వంటింట్లో నిలబడి. ఒకే ఇంట్లో ఉన్నామన్న మాటేగానీ ముగ్గురం కలిసి తిన్నది ఎప్పుడో గుర్తులేదు. అందుకే ఈ టేబుల్."

అతని చిరాకు ఎటు పోయిందో అతనికే తెలియలేదు. ఇల్లు చూసి గానీ బల్ల చేయనన్నాడు.

మర్నాడు సాయంత్రం టేపు, పాత పేపర్ల కట్ట పట్టుకుని వచ్చాడు. హాల్లో పేపర్లు గుండ్రంగా పరిచి, అంచులు అంటించి, చుట్టూ ఇంట్లో ఉన్న కుర్చీలు వేశాడు.

"ఇదే మీ బల్ల అనుకోండి. కొన్నాళ్ళు తొక్కకుండా తిరగండి. అడ్డమనిపిస్తే సైజు తగ్గిస్తాను."

"గట్టిగా ఉంటుందా అబ్బాయ్?" అంది బామ్మ.

"మా బల్లలకి స్క్రూలుండవు బామ్మగారూ. కాళ్ళు పలకలోకి దించి అతికించేస్తాం. ఊగదు, ఊడదు."

"విన్నావటే? నా పళ్ళు కూడా అలా పెట్టు," అంది బామ్మ మనవరాలితో.

అతను గోడలు కొలిచాడు, లైటు తీగ కొలిచాడు, బామ్మ మోకాలి ఎత్తు కూడా కొలిచాడు. చివరికి టేపు పట్టుకుని వీధి గుమ్మం దగ్గరికి వచ్చాడు. డాక్టరమ్మ కాఫీ కప్పుతో గుమ్మానికి ఆనుకుని వాన చూస్తోంది. జుట్టు మీద నాలుగు చినుకులు మెరుస్తున్నాయి.

"ఇంకేమైనా కొలవాలా?" అంది తిరిగి చూసి.

"లేదండీ. అన్నీ అయిపోయాయి," అన్నాడు, టేపు జేబులో పెట్టుకుంటూ.

తర్వాత చెక్క నమూనాలు తేవడం మొదలుపెట్టాడు. వచ్చినప్పుడల్లా ఒకే ముక్క తెచ్చేవాడు. ఆమె పళ్ళ రంగుల కార్డు పక్కన పెట్టి చూసి పెదవి విరిచేది.

"ఇది మరీ పచ్చ. టీ ఎక్కువ తాగేవాళ్ళ పన్నులా ఉంది. అన్నీ ఒకేసారి తేవచ్చుగా?"

"ఒక్కొక్కటే చూస్తేనే రంగు సరిగ్గా తెలుస్తుందండీ."

ఈలోగా నాన్న కాగితపు బల్లని చదవడం మొదలుపెట్టాడు. ఒక క్రికెట్ వార్త సగం దాకా వచ్చి బామ్మ కుర్చీ కిందికి పోయింది. మిగతా సగం కోసం కంచం పట్టుకుని అక్కడే నేలమీద చతికిలబడ్డాడు. కొడుకు ఏం చదువుతున్నాడో వినాలని బామ్మ కంచంతో ఆ కుర్చీలో చేరింది. వాళ్ళిద్దరూ నవ్వుకుంటుంటే డాక్టరమ్మకి వంటింట్లో నిలబడబుద్ధి కాలేదు.

ఆ సంగతి ఆమె ఫోన్లో చెబితే కుర్రాడు పొంగిపోయాడు, అంతలోనే దిగులుపడ్డాడు. బల్ల దించేశాక ఆ ఇంటికి వెళ్ళడానికి ఇంకే వంక ఉంటుంది? పాలిష్ పెట్టిన బల్లకే మళ్ళీ పాలిష్ పెట్టాడు. ఎన్నాళ్ళని పెడతాడు!

బల్ల వచ్చిన రోజు కుండపోత వాన. వ్యాన్‌లోంచి దింపి వరండా దాకా బాగానే తెచ్చారు. గుమ్మంలో ఆగిపోయింది. నిలువుగా పెట్టారు, పక్కకి వంచారు, తిప్పి తోశారు. పలక పడితే కాళ్ళు పట్టవు, కాళ్ళు పడితే పలక పట్టదు.

"కాళ్ళు ఊడదీయవయ్యా," అన్నాడు నాన్న.

"ఊడవండీ," అన్నాడు కుర్రాడు నీరసంగా.

"ఊడవని ముందే చెప్పాడుగా పాపం," అంది బామ్మ.

డాక్టరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"గోడలు కొలిచారు, తీగలు కొలిచారు, మా బామ్మ మోకాలు కొలిచారు. గుమ్మం కొలవలేదా?"

"కొలుద్దామనే వచ్చానండీ."

"మరి?"

"గుమ్మంలో మీరున్నారు."

నాన్న ఉన్నట్టుండి పైకప్పు చూడసాగాడు.

"జరగమంటే జరిగేదాన్నిగా," అంది ఆమె, గొంతు తగ్గించి.

"జరగమనాలనిపించలేదండీ. ఇప్పటికీ అనిపించడం లేదు. మీరంటే నాకు చాలా ఇష్టం." వరండా చివర నిలబడ్డ అతని ముఖం మీంచి వాన కారుతోంది. "బల్ల తీసుకెళ్ళి కాళ్ళు విప్పే వీలుగా చేయిస్తాను. మీకు ఇబ్బందైతే నేను రాను, వేరేవాళ్ళతో పంపిస్తాను."

ఆమె బల్ల అంచుని వేలితో నిమిరింది.

"ఈ రంగు మీరు తెచ్చిన మొదటి ముక్కదే కదూ?"

"అవును. ఆ రోజు బాలేదన్నారు. ఆఖరికి అదే ఖాయం చేశారు."

"ఆ రోజే బాగుంది. బాగుందంటే మీరు మళ్ళీ రారుగా!"

నాన్న ఇక పైకప్పు చూడలేక నవ్వేశాడు.

"బల్ల లోపలికి రాకపోతే మానె," అంది బామ్మ విసుగ్గా. "తడిసి ముద్దవుతున్నాడు. ముందు ఆ అబ్బాయిని లోపలికి రమ్మనవే!"

ఆ పూట కొత్త బల్ల వరండాలోనే ఉంది. లోపల కాగితాల చుట్టూ నాలుగో కంచం పెట్టారు. తువ్వాలు భుజాన వేసుకుని, సిగ్గుతో దారి చూసుకోకుండా వస్తున్న కుర్రాణ్ణి డాక్టరమ్మ చెయ్యి పట్టి ఆపింది.

"చూసి నడవండి. మా డైనింగ్ టేబుల్ తొక్కేస్తున్నారు."