అమ్మమ్మ చేతి పులుపు

బడి నుంచి వచ్చిన సబ్బుబిళ్ళ బ్యాగ్ కూడా దించకుండా మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. అసలు పేరు వేరే ఉంది. ఎప్పుడు చూసినా పంపు దగ్గరే కనిపించే మనవరాలికి అమ్మమ్మ పెట్టిన ముద్దుపేరు ఇది.

ఇంటి ముందు గది రొట్టెల దుకాణం, వెనక గది వంటిల్లు. అమ్మమ్మ వేడి రొట్టె తుంచి, ఊది, చెయ్యి చాచింది.

"నోరు తెరు."

"ముందు చేతులు కడుక్కో అమ్మమ్మా. పుల్లటి వాసన. ఇవాళ టీచర్ మైక్రోస్కోప్‌లో బ్యాక్టీరియా చూపించారు తెలుసా?"

"ఇప్పుడే కడిగాను తల్లీ. ఇది పిండి వాసన. ఇన్నేళ్లదాయె, సబ్బుకు లొంగదు."

సబ్బుబిళ్ళ ముఖం తిప్పుకుంది. అమ్మమ్మ ఆ ముక్కను పళ్లెంలో పెట్టి, చేతిని ఒకసారి తనే వాసన చూసుకుని, దుకాణంలోకి వెళ్లిపోయింది.

అప్పుడు సబ్బుబిళ్ళ కన్ను అలమరలోని గాజు సీసా మీద పడింది. అందులో పులిసిన పిండి. నిండా బుడగలు. మూత తీస్తే అదే పుల్లటి వాసన. ఆ చేతులకు ఈ వాసన అంటించింది ఇదేనన్నమాట. అమ్మమ్మకు జబ్బు చేస్తే?

పిండిని సింక్‌లో పారబోసింది. సబ్బు వేసి తోమింది. కెటిల్‌లోని మరిగే నీళ్లు పోసి కడిగింది. సీసా అద్దంలా తయారైంది. మెప్పు కోసం ఎదురుచూస్తూ నిలబడింది.

అమ్మమ్మ వచ్చి సీసా చూసింది. "మావాళ్లేరే?"

"ఎవరు?"

"ఇందులో ఉండేవాళ్లు."

"పారబోశాను. అన్నీ క్రిములే."

అమ్మమ్మ స్టూలు మీద కూలబడింది. "ఈ కొట్టు పెట్టిన రోజు మా అమ్మ తన పిండిలోంచి గుప్పెడు తీసి ఇచ్చింది. ఇన్నేళ్లూ రొట్టెలు పొంగింది దాంతోనే. రోజూ దానికి పెట్టాకే నేను తినేదాన్ని" అంది మెల్లగా.

అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే లెక్క అక్కడితో సరిపోయేది. ఒక సీసా మెరుపు కోసం ఏం ఇచ్చేసిందో సబ్బుబిళ్ళకు అప్పుడు అర్థమైంది. దుకాణం తలుపుకు 'రేపు రొట్టెలు లేవు' అన్న బోర్డు వేలాడింది.

సాయంత్రం పిన్ని వచ్చింది. ఆమె ల్యాబ్‌లో సూక్ష్మజీవులను పెంచుతుంది.

"టీచర్ సగమే చెప్పారా, నువ్వు సగమే విన్నావా?"

"సగంలో గంట కొట్టేశారు పిన్నీ."

"మిగతా సగం నేను చెబుతా. జబ్బు చేసేవి కొన్నే. మనకు పని చేసిపెట్టేవి బోలెడు. ఆ పిండిని పొంగించేది ఈస్ట్, పులుపు ఇచ్చేది బ్యాక్టీరియా. వాళ్లకు గుప్పెడు పిండి పెడితే మనకు గంపెడు రొట్టెలు. ఇంత గిట్టుబాటు ఇంకెక్కడుంది?"

"అందరూ చచ్చిపోయారా?" సబ్బుబిళ్ళ ఖాళీ సీసాకేసి చూసింది.

పిన్ని చుట్టూ చూసింది. "పిండి కలిపే చెక్క తొట్టి కూడా కడిగావా?"

"అది బరువు. లేవలేదు."

"బతికించావు."

తొట్టి మూలల్లో పాత పిండి పెచ్చులు కట్టి ఉంది. ఎండిన పిండిలో కొన్ని నిద్రపోతాయని, తిండి దొరికితే లేస్తాయని పిన్ని చెప్పింది. పెచ్చులు గీకి సీసాలో వేసి, కొత్త పిండి, గోరువెచ్చని నీళ్లు చేర్చారు.

"నువ్వే కలుపమ్మా" అంది పిన్ని, అమ్మమ్మకేసి తిరిగి. "ఈమధ్య రొట్టెలు చేసేవాళ్ల చేతులు పరీక్షించారు. పులిసిన పిండిలో ఉండే రకం బ్యాక్టీరియాయే వాళ్ల చేతుల మీదా ఎక్కువగా కనిపించిందట."

సబ్బుబిళ్ళ అమ్మమ్మ చేతులకేసి చూస్తూ ఉండిపోయింది.

మర్నాటి నుంచి లేవగానే చేతులు కడుక్కుని, సీసాకు పిండి పెట్టాకే తను తినేది. సీసాలో మాత్రం ఉలుకూ పలుకూ లేదు. బోర్డు అలాగే ఉంది.

ఒక ఉదయం పిండి మీద చిన్న బుడగ లేచింది. పక్కనే ఇంకొకటి. సబ్బుబిళ్ళ మూత తీసి, కళ్లు మూసుకుని వాసన పీల్చింది.

"మనవాళ్లు లేచారు అమ్మమ్మా."

పిండి పొంగి సీసా అంచు దాకా వచ్చిన రోజున బోర్డు దిగింది. పొయ్యిలోంచి మొదటి రొట్టె తీసి, తుంచి, ఊది, అమ్మమ్మ ఆ ముక్కను పళ్లెంలో పెట్టబోయింది.

సబ్బుబిళ్ళ పళ్లెం పక్కకు జరిపి, ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని దగ్గరకు లాక్కుంది.

"నోరు తెరవమనవేం?"