అంచు దాకా నడిచిన జీపు

పంతొమ్మిది వందల తొంభై అయిదు, ఏప్రిల్ ఆరో తేదీ, గురువారం. ఆ మధ్యాహ్నం థేన్ రడక్ తిన్నది పచ్చిమిరపకాయలు దట్టించిన బర్గరు, ఫ్రై సాసులో ముంచిన బంగాళాదుంప వేపుడు, తేనె కలిపిన వెన్న రాసిన వేడివేడి స్కోను. తిండి అంత బాగా గుర్తుండిపోవడానికి కారణం, ఆ తర్వాత చాలా రోజులు అతనికి ఏదీ రుచించకపోవడమే.

పక్క టేబుల్లో పక్షుల పుస్తకం తిరగేస్తున్న ముసలావిడ తలెత్తకుండానే అడిగింది.

"ఇక్కడ రూబార్బ్ కేకు పుల్లగా ఉంటుందా?"

"తేనె వెన్న రాసుకుంటే తెలియదు."

కోడ్ సరిపోయింది. ఆ ముసలావిడ, డొలొరెస్ ఆస్ట్లర్, పుస్తకమూ కాఫీ కప్పూ పట్టుకుని వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. అమెరికా పడమటి రాష్ట్రాలన్నింటికీ గూఢచారి బ్యూరో చీఫ్ ఆవిడే. మాటలు టెలిగ్రాముల్లా ఉంటాయి.

"గుస్తావ్ రెన్. ఫొటోగ్రాఫర్నని చెప్పుకుంటాడు. విదేశీ ముఠా మనిషి. నది అవతల మన క్షిపణుల టెస్ట్ గ్రౌండ్ సిగ్నల్స్ రికార్డు చెయ్యాలి వాడికి. అవి అందే చోటు ఒక్కటే."

"కెస్ట్రెల్ కొండ అంచు."

"అవును. రిసీవరు, బ్యాటరీలు మోసుకుని అక్కడికి ఎక్కాలంటే జీపు కావాలి. వచ్చేవారం జీపుల పండగ. మోయాబ్ ఊరంతా జీపులే, ఆ గుంపులో వాణ్ణి ఎవరూ పట్టించుకోరు. రేపు బండి నీ షెడ్డుకే వస్తోంది. ట్రాన్స్‌ఫర్ కేసు, డ్రైవ్‌షాఫ్ట్ మార్చాలట. ఏవి వెయ్యాలో నువ్వే చూసి బిగించు. బండి పైకి చేరి తీరాలి. టేపు తిరుగుతుండగా పట్టుకుంటేనే కేసు నిలుస్తుంది."

ఆర్నెల్లుగా థేన్ ఆ ఊళ్ళో మెకానిక్కు వేషంలో ఉన్నాడు. అది వేషమన్న సంగతి అప్పుడప్పుడు అతనే మరచిపోయేవాడు.

"ముఠాలో మన మనిషి ఎవరు, మేడమ్?"

"వెరీనా. తమ మనిషేనని వాళ్ళ నమ్మకం."

థేన్ నోట్లో ముద్ద అక్కడే ఆగిపోయింది. మూడేళ్ళ కిందట రీనోలో ఒక చలికాలమంతా అతనూ వెరీనా కాసూ భార్యాభర్తలుగా నటించారు. ఇక చాలని బ్యూరో కబురు పంపిన రోజున ఆమె ఉంగరం తీసి బల్లమీద పెట్టేసింది. అతనిది ఊడిరావడానికి సబ్బునీళ్ళు కావలసి వచ్చాయి.

"డ్రైవరు?"

"డాక్స్ పెన్‌రాడ్. ఈ ఊరివాడే. ఫొటోల కోసం వెళ్తున్నామనే అనుకుంటున్నాడు పాపం. వెరీనా వాడితో..." ఆవిడ పక్షుల పుస్తకం మూసేసింది. "డ్యూటీ కోసమా, నిజంగానేనా అని నేనడగలేదు. నువ్వూ అడగకు."

వెయిట్రెస్ అడక్కుండానే ఇంకో చిన్న గిన్నెడు తేనె వెన్న తెచ్చిపెట్టి వెళ్ళింది. మరో రోజైతే థేన్ దానికే మురిసిపోయేవాడు.

*

డాక్స్‌కు ముప్ఫై దాటి ఉండవు. జీపు దిగడం కూడా ఎవరో ఫొటో తీస్తున్నట్టే దిగాడు. వెనకాల వెరీనా, ఎర్ర టోపీతో. గోడమీది క్యాలెండర్ని చూసినట్టు చూసింది థేన్ని. గొప్ప నటన అని సర్దిచెప్పుకోబోయాడు. మనసు ఒప్పుకోలేదు. చివరగా రెన్ దిగాడు, చేతి గడియారం చూసుకుంటూ.

"తాతా! బండిని ఆరంగుళాలు ఎత్తు పెంచాను. అప్పట్నుంచీ వెనక షాఫ్ట్ కీళ్ళు, ఆ క్రాసులు, టపటపా విరుగుతున్నాయి," అన్నాడు డాక్స్, థేన్ నెరిసిన జుట్టు చూసి.

"విరగవా మరి? షాఫ్ట్‌ను నిచ్చెనలా నిలబెట్టావు. మెడ అలా విరిచి పట్టుకుని పరిగెత్తమంటే నువ్వెంత దూరం పోతావు?"

వెరీనా ఫక్కున నవ్వింది. ఆ నవ్వు తనదేనని థేన్ సంబరపడేలోగా ఆమె చెయ్యి డాక్స్ మెడమీదికి వెళ్ళింది.

"ట్రాన్స్‌ఫర్ కేసునే కాస్త కిందికి దించి బిగిస్తే?" డాక్స్ అడిగాడు, ఇంజను బలాన్ని రెండు ఇరుసులకూ పంచే గేరుపెట్టెను వంగి చూపిస్తూ.

"వాలు తగ్గుతుంది. కింద జాగా కూడా తగ్గుతుంది. మొదటి బండకే పొట్ట ఆని కూర్చుంటుంది. ఆ మాత్రానికి ఎత్తడం దేనికి? చూడు, ఈ కేసు వెనక మూతి పొడుగు. అది తీసేసి పొట్టి మూతి కిట్ వేస్తా. అప్పుడు షాఫ్ట్ పొడుగుది పడుతుంది, వాలు చచ్చినట్టు తగ్గుతుంది. పైకొసకి జంట క్రాసులు. లో గేరు ఇప్పుడున్నది చాలదు. నాలుగుకి ఒకటి వేయించుకో, ఇటు నాలుగు చుట్లు తిరిగితే అటు ఒక్కటే."

"దాంతో స్పీడు పెరుగుతుందా?" రెన్ అడిగాడు.

"తగ్గుతుందండీ. లో గేరులో ఇది పరిగెత్తదు, నడుస్తుంది. కాలు యాక్సిలరేటర్ మీద పెట్టకపోయినా పాక్కుంటూ బండలెక్కుతుంది."

రెన్ అప్పటికే వినడం మానేశాడు. డాక్స్ మాత్రం జీపు కిందికి దూరి చూసి వచ్చాడు.

"తాత చెప్పిందే కరెక్టు. అలాగే కానివ్వు."

వాడు తెలివితక్కువ వాడైనా బాగుండేదని థేన్‌కు అనిపించింది.

*

శనివారానికి ఒక్క పనే మిగిలింది. జంట క్రాసుల షాఫ్ట్ వేసినప్పుడు వెనక ఇరుసు మూతి నేరుగా ట్రాన్స్‌ఫర్ కేసు వైపు చూడాలి. అందుకు కమాన్ పట్టీలకూ ఇరుసుకూ మధ్య రెండు ఏటవాలు ఇనప పలకలు పెట్టి బిగించాలి. అవి పెట్టకపోతే వంపంతా కింది క్రాసు మీదే పడుతుంది. తారు రోడ్డు మీద తెలియదు. నిలువు బండ ఎక్కేటప్పుడు పుటుక్కుమంటుంది. వెనక చక్రాలు చచ్చిపడతాయి. బండి వెనక్కి జారుతుంది. వెనకాల లోయ.

థేన్ ఆ రెండు పలకలూ అరచేతిలో పెట్టుకుని జీపు కింద వెల్లకిలా పడుకున్నాడు.

రాళ్ళదారిలో డ్రైవరుకు తన చక్రాలు కనిపించవు. ఎవరో ఒకరు దిగి, ఎదురుగా నడుస్తూ చేతులతో దారి చూపాలి. డాక్స్‌కు చూపేది వెరీనా. అంటే ఆమె నేలమీద ఉంటుంది. బండిలో ఇద్దరే, డాక్స్, రెన్. ప్రమాదం అంటారు అందరూ. కేసు పోయినందుకు బ్యూరో కొన్నాళ్ళు విసుక్కుంటుంది.

అరచేతిలో ఇనుము వేడెక్కింది.

"తాతా, బతికే ఉన్నావా?" డాక్స్ వంగి చూస్తున్నాడు. ఒక చేతిలో చల్లటి రూట్ బీరు సీసా, ఇంకో చేతిలో సగం శాండ్‌విచ్. "పొద్దున్నుంచీ ఏమీ తినుండవని వెరీనా అంది. ఆకలేసినా నోరు విప్పే రకం కాదట నువ్వు. ఒక్కసారి చూస్తే చాలు, మనుషుల్ని ఇట్టే పట్టేస్తుంది."

రీనోలో రోజూ తను విన్న మాట. ఇప్పుడు వీడి నోట వినడం పంటికింద రాయిలా ఉంది. అయినా శాండ్‌విచ్ తిన్నాడు. తిని, చేతులు తుడుచుకుని, పలకలు రెండూ పెట్టి, బోల్టులు బిగించి, మళ్ళీ ఒకసారి సరిచూశాడు. అసూయ చల్లారి కాదు. తిండి పెట్టినవాడి బండి కింద ఆ పని చేయబుద్ధి కాలేదు, అంతే.

*

బుధవారం జీపులు వరసగా కొండెక్కాయి. అన్నిటికీ చివర సామాన్ల పెట్టెతో మెకానిక్కు బండి నడవడం అక్కడి రివాజు. కనక థేన్ వెనకాల వస్తే ఎవరికీ అనుమానం రాలేదు. అతని గ్రీజు గన్నులో బ్యూరో వాళ్ళు మత్తు సూది అమర్చి పంపారు.

ఎర్ర బండల మీద వెరీనా వెనక్కి నడుస్తూ చేతులు ఊపుతోంది. కొంచెం ఎడమ. ఆగు. రా, రా, ఇంకొంచెం. దారి పొడుగునా డాక్స్ కళ్ళు ఆ చేతుల్ని వదల్లేదు. వదలకూడదు, అదే పద్ధతి. తెలిసి కూడా థేన్ స్టీరింగును పీక నొక్కినట్టు పట్టుకున్నాడు. నిలువు బండ దగ్గర షాఫ్ట్ ఒక్కసారి మూలిగి, జీపును పైకి లాగేసింది.

మిగతా వాళ్ళు నీడలో భోజనాలకు ఆగారు. ఫొటోలంటూ రెన్ జీపును అంచు దాకా పోనిచ్చాడు. థేన్ కాలినడకన వెళ్ళి జూనిపర్ పొద చాటునుంచి బైనాక్యులర్స్ పెట్టాడు. ఏంటెనా లేచింది. టేపు తిరుగుతోంది. ఆస్ట్లర్‌కు రేడియోలో కబురు చెప్పాడు.

అప్పుడే గాలికి వెరీనా టోపీ ఎగిరి రెన్ కాళ్ళ దగ్గర పడింది. తీసి ఇవ్వబోతూ అతను దాని అంచు తడిమాడు. లోపల ట్రాన్స్‌మిటర్.

తర్వాతంతా రెప్పపాటులో జరిగింది. అడ్డం వచ్చిన డాక్స్ తలమీద పిస్తోలు పిడి పడింది. వెరీనా మణికట్టుకు బేడీ, బేడీ రెండో కొస జీపు లోపల వెనక సీటు కమ్మీకి. రెన్ టేపు జేబులో వేసుకున్నాడు. ఇంజను స్టార్ట్ చేసి, లో గేరులో పడేసి, క్లచ్ వదిలి, బయటికి దూకాడు. జీపుతో పాటు సాక్షి కూడా లోయలో పడుతుందని వాడి లెక్క.

జీపు కదిలింది. తప్పటడుగులు వేసే పిల్లవాడిలా.

రెన్ చూస్తూ నిలబడ్డాడు. జీపు అంచు వైపే పోతోంది, కానీ పడటం లేదు. అలవాటుగా గడియారం చూసుకున్నాడు.

థేన్ మోకాలి నొప్పి మరచి పరిగెత్తాడు, జీపు వైపు.

"థేన్!" మూడేళ్ళ తర్వాత ఆమె నోట తన పేరు. "నన్నొదిలెయ్! ముందు వాణ్ణి పట్టు! నాలుగుకి ఒకటి గేరు, టైముంది!"

అతను దారి మార్చాడు. రెన్ తిరిగి పిస్తోలు పేల్చాడు. గుండు థేన్ చెవి పక్కగా పోయింది. గ్రీజు గన్ను క్లిక్కుమంది. మెడలో సూదితో రెన్ గడియారం చూసుకుంటూనే కూలబడ్డాడు.

అప్పటికి జీపు ముందు చక్రాలు అంచు దాటి గాలిలో తిరుగుతున్నాయి. థేన్ పక్కనుంచి చెయ్యి చాచి తాళం చెవి తిప్పేశాడు. ఇంజను ఆగింది. జీపు ముందుకు ఊగి, నిలిచిపోయింది. దాన్ని పట్టుకుని ఉన్నవి వెనక చక్రాలు. గేరులో ఆగిన ఇంజనుకు ఆ చక్రాలను కట్టి ఉంచింది ఆ షాఫ్ట్ ఒక్కటే. అరచేతిలో వేడెక్కిన రెండు పలకలు థేన్‌కు గుర్తొచ్చాయి.

రెన్ జేబులోని తాళంచెవితో బేడీ విప్పాడు. వెరీనా కిందికి దూకి, అతని భుజం ఒక్కసారి గట్టిగా పట్టుకుని, డాక్స్ దగ్గరికి పరిగెత్తింది.

*

సాయంత్రం, ఆస్ట్లర్ మనుషులు రెన్‌నూ టేపునూ పట్టుకుపోయాక, వెరీనా షెడ్డుకు వచ్చింది. తలకు కట్టుతో డాక్స్ బయట, అంచునుంచి వెనక్కి లాగించిన జీపులోనే కూర్చున్నాడు.

"బ్యూరో మానేస్తున్నా, థేన్. ఇక్కడే ఉండిపోతా."

"వాడికి చెప్పావా, మనమెవరమో?"

"చెప్పా. అయితే తాత నిజం మెకానిక్కు కాదా అని దిగులుపడ్డాడు."

"ఏమన్నావు?"

"నిజం మెకానిక్కేనన్నా." ఆమె అతని ముఖంలోకి చూసింది. "శనివారం ఆ చివరి పనికి అంతసేపు పట్టిందేం?"

"కొలతలు."

ఆమె అతని చెంపమీద ముద్దు పెట్టి వెళ్ళిపోయింది.

షాఫ్ట్ వాలు ఏ కాస్త తప్పినా, బండి వేగం అందుకోగానే అడుగునుంచి మోత వస్తుంది. జీపు పెద్ద రోడ్డెక్కేదాకా థేన్ గుమ్మంలో చెవి రిక్కించి నిలబడ్డాడు. చిన్న మోతైనా వినిపిస్తే, బండి మళ్ళీ షెడ్డుకు రావలసి వస్తుందని ఎంతో ఊరటగా ఉండేది. జీపు వెన్నమీద జారినట్టు వెళ్ళిపోయింది. పని అంత బాగా చేసినందుకు తనను తాను తిట్టుకున్నాడు.

పక్కింట్లో ఎవరో పసిబిడ్డను నిద్రపుచ్చుతున్నారు. అతను షట్టరును చప్పుడు కాకుండా మెల్లగా కిందికి దించాడు.