అతుకుల తెర

మూడు నెలలకోసారి, ఆదివారం పొద్దున టీ తాగగానే, టైలరమ్మ కూతురికి కొలతలు తీస్తుంది. వీధి గదే ఆమె దుకాణం. కత్తిరింపు బల్ల, రెండు కుట్టుమిషన్లు, మూలన బట్టలు వేసుకుని చూసుకునే చిన్న గది, దానికి అడ్డంగా ఓ పాత తెర. ఆ చుట్టుపక్కల బడికెళ్లే పిల్లల యూనిఫాంలన్నీ ఆ బల్ల మీద పుట్టినవే. కొలతల పుస్తకంలో మొదటి పేజీ మాత్రం కూతురిది.

పద్నాలుగేళ్ల పిల్ల గోడకు ఆనుకుని నిటారుగా నిలబడింది. టైలరమ్మ ఎత్తు చూసి, నమ్మలేక మళ్లీ చూసింది. పోయినసారి కంటే అంగుళన్నర తక్కువ. భుజం అరంగుళం తక్కువ.

వేరే తల్లి అయితే పిల్లను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది. కొలతలతో బతికే మనిషి కాబట్టి ఆమె టేపును అనుమానించింది. గుడ్డ టేపు వాడగా వాడగా సాగుతుంది. సాగిన టేపు మనిషిని తక్కువ చేసి చూపిస్తుంది. ఇరవై ఏళ్ల పని నేర్పిన సంగతి అది. టేపును కత్తెరతో రెండు ముక్కలు చేసి బుట్టలో పడేసింది.

"పెరిగే పిల్ల తరగడం ఎక్కడైనా ఉందా అత్తయ్యా? టేపుకి వయసు మీదపడింది."

కిటికీ దగ్గర గుండీలు కుడుతున్న అత్తగారు తల ఎత్తలేదు. "నాకూ పడింది. నన్నూ బుట్టలో వేస్తావా ఏంటి?"

పిల్ల కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు వినడంతో టైలరమ్మ అంగుళన్నరను మర్చిపోయింది. భర్త పోయాక ఆ ఇంట్లో నవ్వు అరుదైపోయింది. పోయిన ఏడాదంతా పిల్ల బడి నుంచి వచ్చి, గోడవైపు తిరిగి పడుకునేది. ఇప్పుడు ఇద్దరు నేస్తాలు దొరికారు. బేకరీవాళ్ల అమ్మాయి, మందుల షాపాయన కొడుకు. బడి విడిచాక ముగ్గురూ కలిసి వచ్చి, చదువుకుంటామని ఆ తెర వెనక దూరి, గంటకో గంటన్నరకో బయటికొస్తారు. బొద్దుగా ఉండే అమ్మాయిని బడిలో బన్ను అంటారు. లావు కళ్లద్దాల అబ్బాయిని సోడాబుడ్డి అంటారు. తన కూతుర్ని బొంత అంటారు. ఆ పేర్లతోనే ఒకళ్లనొకళ్లు పిలుచుకుని ముగ్గురూ ఇప్పుడు పడీపడీ నవ్వుకుంటున్నారు.

బొంత ఎందుకయ్యావే అని తల్లి ఎన్నడూ అడగలేదు. జవాబు తెలిసిన ప్రశ్నను మనిషి రేపటికీ ఎల్లుండికీ నెడుతూ ఉంటాడు.

బుధవారం బన్నుకి గౌను కొలవాల్సి వచ్చింది. కొత్త టేపు, ఇంకా మడత కూడా విడని టేపు. ఎత్తు రెండంగుళాలు తక్కువ. టైలరమ్మ సోడాబుడ్డిని కూడా పిలిచి నిలబెట్టింది. పోయిన టర్ములో తనే కుట్టిన ప్యాంటు మడమల కింద నలుగుతోంది.

"మా నాన్న కూడా అన్నాడు ఆంటీ, ప్యాంటు పెద్దగా కుట్టారని," అన్నాడు వాడు.

టైలరమ్మ వంగి ఆ అంచు కుట్టు పట్టి చూసింది. టేపులు అబద్ధం చెప్పవచ్చు. తన కుట్టు చెప్పదు.

పిల్లలు తెర వెనక్కి వెళ్లారు. బల్ల మీద బట్ట సర్దుతున్నట్టు సర్దుతూ ఆమె చెవి అటే ఉంచింది. మొదట గుసగుసలు, తర్వాత నవ్వులు. ఆ నవ్వులు దూరమవుతూ వచ్చాయి, ఎవరో పొడుగాటి వరండాలో నడుచుకుంటూ పోతున్నట్టు. ఆ గది నాలుగడుగుల గది. ఆమె వెళ్లి తెర లాగింది. అద్దం, కొక్కెం, నేల మీద మూడు పుస్తకాల సంచులు. అంతే.

అరవబోతుండగా ఆమె కళ్లు చేతిలో ఉన్న తెర మీద పడ్డాయి.

అది అత్తగారు కాపురానికి వస్తూ పెట్టెలో తెచ్చుకున్న తెర. వందలాది గుడ్డముక్కలు అతికి కుట్టినది. ఇన్నేళ్లుగా ఉతికి ఆరేస్తున్న తెరలో ప్రతి ముక్కా ఆమెకు తెలుసు. కింద అంచున మూడు కొత్త ముక్కలు ఉన్నాయి. ఒకటి బన్ను గౌను గళ్లది, ఒకటి సోడాబుడ్డి ప్యాంటు ఖాకీది. మూడోది కూతురి బూడిదరంగు స్కర్టుగుడ్డ, మధ్యలో నిలువుగా అతుకుతో. ఆ అతుకు తను వేసిందే. ముక్క చుట్టూ ఉన్న కుట్టు మాత్రం తనది కాదు. ముడి లేని, మొదలు తెలియని సన్నని కుట్టు. మూడు వైపులా పూర్తయింది. నాలుగో వైపు సగం వరకు వచ్చింది.

అత్తగారు గుండీల డబ్బా పక్కన పెట్టి దగ్గరికి వచ్చింది. ఆ ముక్కల్ని తడిమి చూసి, మెల్లగా, తెర మధ్యలో వెలిసిపోయిన ఓ నీలం ముఖమల్ ముక్క మీద చెయ్యి పెట్టింది. తనకో అక్క ఉండేదని చెప్పింది. పదమూడేళ్ల పిల్ల. నత్తి. బడిలో వెక్కిరిస్తే ఇంటికొచ్చి ఈ తెర చాటున కూర్చునేది. ఒకరోజు కూర్చున్నది లేవలేదు. వెతికి వెతికి, అలిసిపోయి, చివరికి ఇంట్లో ఆ పేరే ఎత్తకూడదని తండ్రి కట్టడి చేశాడు.

"ఆ ముక్క అప్పుడే వచ్చింది. చూశాను. నోరు విప్పితే ఇంట్లో తంతారని ఊరుకున్నాను. తర్వాత పిచ్చిదంటారని ఊరుకున్నాను. ఊరుకోవడం అలవాటైపోయిందమ్మాయ్."

ఆ మాట మీదే పిల్లలు బయటికొచ్చారు, ముఖాలు వెలిగిపోతూ. టైలరమ్మ తెరకు అడ్డంగా నిలబడి, ఇక ఈ గదిలోకి ఎవరూ వెళ్లేది లేదని, రేపే దీన్ని తీసి పారేస్తానని చెప్పింది. బన్ను బిక్కమొహం వేసింది. కూతురు మాత్రం కదల్లేదు.

"తీసేసి మమ్మల్ని ఎక్కడికి పొమ్మంటావు?"

"ఇల్లుంది. నేనున్నాను."

"నువ్వు ఉన్నావు కాబట్టే నేను బొంతనయ్యాను." గొంతు పెంచలేదు. అందుకే భయమేసింది తల్లికి. "అందరి యూనిఫాంలలో మిగిలిన ముక్కలతో నాకు స్కర్టు కుడతావు. క్లాసులో నా చుట్టూ చేరి, ఇది నా గుడ్డ, ఇది మా చెల్లి గుడ్డ అని లాగి చూస్తారు. ఒకరోజు అతుకు దగ్గర చింపారు. మేకుకి పట్టుకుందని చెప్తే నమ్మావు. నమ్మావా, నమ్మినట్టు చేశావా?"

టైలరమ్మ తెర మీది అతుకు వైపు చూసింది. ఆ చిరుగు తనే కుట్టింది. మేకుకి పట్టుకుంటే గుడ్డ మూల తిరిగి చిరుగుతుంది. అది రెండు చేతులతో లాగిన చిరుగు. చిరుగును చూసి కారణం చెప్పలేకపోతే తను టైలరే కాదు.

ఆ మౌనమే జవాబనుకుంది పిల్ల. తల్లిని తప్పించుకుని తెర వెనక్కి దూరింది. మిగిలిన ఇద్దరూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. "బొంతా, ఆగవే," అంటూ వాళ్లూ వెళ్లిపోయారు.

ఈసారి నవ్వులు వినపడలేదు. తెర అంచున కుట్టు కదిలింది. సూదీ లేదు, చెయ్యీ లేదు. నాలుగో వైపు దారం తనంతట తాను గుడ్డలో మునిగి తేలుతోంది. టైలరమ్మ కత్తెర అందుకుంది.

అత్తగారు ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. "గుడ్డను కొయ్యకు. కోస్తే ఎవరికి తెగుతుందో తెలియదు."

టైలరమ్మ కత్తెర పడేసి, కుట్టు విప్పే సూది తీసి, నేల మీద కూర్చుని ఒక్కో పోగూ విప్పసాగింది. ఒకటి విప్పితే రెండు పడుతున్నాయి. ఇరవై ఏళ్లుగా నమ్ముకున్న చేతులు ఓడిపోయాయి. ఇంకో నాలుగు వేళ్ల మేర మిగిలింది. రెండు వేళ్లు. అప్పుడామె సూదిని కూడా పక్కన పెట్టి, ఆ అతుకు మీద నుదురు ఆనించింది.

"అది మేకు చిరుగు కాదని నాకు తెలుసు," అంది. "అడిగితే నువ్వు నిజం చెప్తావని భయమేసింది. చెప్తే తప్పు నాదని తేలుతుందని. తిన్నావా, రాశావా అని రోజూ అడిగాను. ఇవాళ బడిలో ఏమైందమ్మా అని ఒక్కరోజూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఏం జరిగింది? ఎవరెవరు? మొదటి రోజు నుంచీ చెప్పు. నేనెక్కడికీ వెళ్లను. బన్నూ, నువ్వూ చెప్పు తల్లీ. నువ్వూ చెప్పు నాన్నా."

దారం ఆగింది. తెర వెనక చాలా దూరం నుంచి అడుగుల చప్పుడు. పరుగు. తెర ఊగి, ముగ్గురూ ఒకళ్ల మీద ఒకళ్లు నేల మీద పడ్డారు. కూతుర్ని ఒళ్లోకి లాక్కుంటే, ఏడెనిమిదేళ్ల పిల్లంత తేలిగ్గా ఉంది. టైలరమ్మ ఏడ్చింది. పిల్ల కూడా ఏడుస్తూనే, మొదటి రోజు నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. మధ్యమధ్యలో బన్ను అందుకుంది. సోడాబుడ్డి కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకుంటూ, తన వంతు కోసం ఆగాడు.

పొద్దు వాలేదాకా చెప్పారు. విన్నంతసేపూ ఆ మూడు ముక్కల కుట్లు వాటంతటవే వదులవుతూ వచ్చాయి. ఒక్కో ముక్కా నేల మీదికి రాలింది. రేపు ముగ్గురి ఇళ్ల పెద్దలూ కలిసి బడికి వెళ్లాలని, పిల్లలు ఇకనుంచి సాయంత్రాలు కత్తిరింపు బల్ల దగ్గర కూర్చోవాలని నిర్ణయమైంది. స్కర్టు కొత్త గుడ్డ తానులోంచి తీస్తానని తల్లి అంటే, తరిగిన కొలతకా పెరిగే కొలతకా అని అడిగింది కూతురు.

"పెరిగే కొలతకే. మడత ఎక్కువ పెడతాను."

అత్తగారు మళ్లీ కిటికీ దగ్గర కూర్చుంది. మనవరాలు వెళ్లి ఆమె మోకాళ్ల దగ్గర కూర్చుంది.

"నాన్నమ్మా, లోపల ఒక పిల్ల ఉంటుంది. ఇంతే ఉంటుంది, మోచేతి పొడవు. నీలం గౌను. మమ్మల్ని బాగా చూసుకునేది. ఎప్పుడు వెళ్లినా ఒకటే అడిగేది, బయట నన్నెవరైనా అడుగుతున్నారా అని. మాట ఆగి ఆగి వస్తుంది పాపం. ఇవాళ అమ్మ గొంతు వినగానే తలుపు తీసి మమ్మల్ని తోసేసింది. మిమ్మల్ని అడుగుతున్నారు, పొండి అంది."

ముసలామె లేచింది. తెర దగ్గరికి వెళ్లింది. నీలం ముక్క మీద రెండు అరచేతులూ పరిచింది. అరవై ఏళ్లుగా ఎవరూ వినని గొంతు, చిన్నపిల్ల గొంతు, బయటికొచ్చింది.

"అక్కా, ఇవాళ బడిలో ఏమైంది?"

అందరూ విన్నారు. తెర కదల్లేదు. చాలాసేపటికి, ముఖమల్ అంచున ఒక్క కుట్టు, ఒకే ఒక్కటి, వదులైంది.

అత్తగారు స్టూలు తెచ్చుకుని తెర ముందు కూర్చుంది. రేపటి గుండీలు ఎవరైనా కుట్టుకోండి, నాకు పనుంది అంది.