చర్ల పేషెంట్ల పేర్లు ఎవరు చెరిపారు?

2004 ఆగస్టు. భద్రాచలం.

ముత్తక్క అరచేతి కంప్యూటర్‌లోంచి నలభై మంది టీబీ పేషెంట్ల పేర్లు మాయమయ్యాయి. ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు.

ముత్తక్క ఓ స్వచ్ఛంద సంస్థలో హెల్త్ వర్కర్. చర్ల అవతలి అడవి గూడేల్లో ఎవరిల్లు ఎక్కడో, ఎవరికి మాత్రలు ఎప్పుడివ్వాలో అంతా అందులోనే ఉంది. మాత్రలు మధ్యలో ఆగితే జబ్బు తిరగబెడుతుంది. పైగా ఆ పేర్లు ఎవరి చేతిలో పడ్డాయో ఏమో! సంస్థ డాక్టరు కళావతి హడలిపోయి పోలీసులకు ఫోన్ చేసింది.

ఎస్సై దేవ్‌సింగ్ పొద్దున్నే గూడేనికి జీపు పంపి ముత్తక్కను స్టేషన్‌కు పిలిపించాడు. కళావతి కూడా వచ్చి కూర్చుంది. ఆమెను చూడగానే అతని అనుమానం బలపడింది. తలెత్తదు. నోరు విప్పదు.

సాఫ్ట్‌వేర్ రాసిన కోటేష్ మాత్రం గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. పేర్లన్నీ మెమరీ కార్డులో దాచే ఏర్పాటు తానే చేశాడట. కార్డులో ఎక్కినవి వాటంతటవి పోవట. మాత్రలు పంచకుండానే పంచినట్టు ఎక్కించి, తనిఖీ వస్తోందని తెలిసి ఈమే చెరిపేసిందట.

నిజమైతే ఉద్యోగం పోతుంది, కేసూ పడుతుంది.

దేవ్‌సింగ్ ఆ మిషన్ ఆన్ చేశాడు. పెట్టెలోంచి అప్పుడే తీసిన కొత్తదానిలా, తేదీ 2003 జనవరి 1 అని చూపించింది. దిక్కుమాలిన మిషన్ అని విసుక్కుని పక్కన పెట్టబోయి ఆగాడు.

పేర్లు చెరిపినవాళ్లు తేదీ జోలికి ఎందుకు పోతారు?

"ముత్తక్కా, దీని బ్యాటరీ తీసినవా?"

"అవ్ సార్."

"ఎప్పుడు?"

"పోలీసు క్యాంపు దాటంగనే ఎప్పుడూ తీస్త."

"ఎందుకు?"

"దీంతోని పోలీసోళ్లకు ఖబర్ ఇస్తున్ననంటరు గూడెపోళ్లు. బ్యాటరీ లేదని సూపిస్తేనే ఇంట్లకు రానిస్తరు. మొన్న వాగొచ్చి రెండు దినాలు ఆడనే ఉన్న."

ఈ మాట పోలీసుల ముందు ఎలా చెప్తుంది పాపం! దేవ్‌సింగ్‌కు లోలోపల సిగ్గేసింది. మిషన్ నెత్తిన ఉన్న కార్డును గోటితో నొక్కి బయటికి లాగాడు. దుమ్ము లోపలికి పోకుండా కంపెనీవాళ్లు పెట్టే ఉత్త ప్లాస్టిక్ ముక్క అది. అసలు కార్డు ఏనాడూ పెట్టనే లేదు.

దేవ్‌సింగ్ ఆ ముక్కను కోటేష్ ముందు పెట్టాడు.

"కార్డులో పెడితే ఒక్కో పేరు తెరుచుకునుడు లేటైతుంది సార్," అన్నాడు కోటేష్. "డెమోల పెద్దసార్లు విసుక్కున్నరు. గందుకే లోపలి మెమరీల పెట్టిన. బ్యాటరీ ఎవరు తీస్తరు అనుకున్న."

లోపలి మెమరీ బ్యాటరీ మీదే బతుకుతుంది. తీశాక కాసేపు ఓర్చుకుంటుంది. రెండు రోజులు ఓర్చుకోలేకపోయింది. పేర్లతోపాటు తేదీ కూడా పోయింది. ఆ సంగతి తెలిసే కోటేష్ నేరం ఆమె మీదికి నెట్టాడు.

కళావతి ముత్తక్క చేతులు పట్టుకుంది. ఇల్లిల్లూ తిరిగి ఆ పేర్లు మళ్లీ రాసుకురమ్మని బతిమాలింది. దేవ్‌సింగ్ హుషారుగా జీపు తెమ్మని కేకేశాడు, గౌరవంగా దింపి రావాలని.

ముత్తక్క అప్పుడు తలెత్తింది.

"జీపొద్దు సార్. పొద్దుగాల నేను మీ జీపెక్కుడు గూడెమంత సూసింది. ఇగ బ్యాటరీ తీసి సూపిస్తే మాత్రం నన్నెవరు నమ్ముతరు?"

ఆమె మాత్రల పెట్టె సంకన పెట్టుకుని చర్ల బస్సు ఆగే చోటికి నడిచింది.