రెండో తూటా పేలలేదు

దేచమ్మ పొద్దున్నే లేచి పొయ్యి రాజేసింది. బెల్లం కాఫీ కాచి అందరికీ పోసి, తను మాత్రం ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టి, రొట్టెలకు బియ్యప్పిండి పిసకడం మొదలుపెట్టింది. కుడి మణికట్టుకు చుట్టుకున్న గుడ్డ పిండిలోకి జారుతోంది. పైకి లాక్కుంటుంది, మళ్లీ జారుతుంది. కాఫీ కోతల రోజులు. కళ్లంలో పళ్లు ఎండబోశారేమో, ఇల్లంతా పులిసిన వాసన.

"చెయ్యి ఇంకా మానలేదా అత్తయ్యా?" అంది కోడలు శిల్ప, గుమ్మడికాయ ముక్కలు కోస్తూ.

"చేమదుంపలు చెక్కుతుంటే కత్తి జారిందని చెప్పాను కదే. ముసలి ఒళ్లు, నిదానంగా మానుతుంది."

కత్తీ లేదు, దుంపా లేదు. కరిచింది పెంపుడు కుక్క కరియ. పడుకున్న వాడి కింద నుంచి గోనెసంచి లాగి ఉతుకుదామని వెళ్తే, గభాల్న లేచి మణికట్టు పట్టేశాడు. పట్టి, ఎవరి చెయ్యో తెలిశాక వదిలేసి, తోక ముడుచుకుని గోడకు కరుచుకుపోయాడు. పదకొండేళ్లుగా ఈ ఇంటి మనిషి మీద పన్ను ఆనించని కుక్క. దేచమ్మ ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతుంది? ఇంటి మనిషి రక్తం రుచి చూసిన కుక్క ఇంట్లో ఉండకూడదన్నది ఆ కొడగు ఇళ్లలో పాత మాట. ఆమె కొత్తకోడలిగా ఉన్నప్పుడు మామగారు అలాంటి కుక్కనొకదాన్ని తుపాకీతో కొండకు తీసుకెళ్లి, ఒక్కడే తిరిగొచ్చాడు. ఆ రోజు ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

పిండి ముద్ద చేస్తుండగా వసారాలోంచి పాప కేక వినిపించింది.

ఇద్దరూ పరుగెత్తారు. శిల్ప కూతురు దిశ గోడకు అంటుకుని ఏడుస్తోంది. గౌను చెయ్యి చిరిగి వేలాడుతోంది. కరియ పళ్లు బయటపెట్టి, ఒళ్లంతా వణుకుతూ నిలబడ్డాడు. శిల్ప పాప చెయ్యంతా తడిమి చూసింది. గాటు పడలేదు. దేవుడి దయ.

"నేను ముద్దు పెట్టాను. అంతే!" అని వెక్కింది పాప. "వాడు నిద్రపోతున్నాడు. వెనకనుంచి పట్టుకుని ముద్దు పెట్టాను."

కళ్లంలోంచి దేచమ్మ కొడుకు బోపన్న వచ్చాడు. కరియను గొలుసుతో స్తంభానికి కట్టాడు. కాసేపటికి వాడు చలికని వేసిన పాత తలుపు చెక్క మీద ముడుచుకుని, ఏమీ జరగనట్టే నిద్రపోయాడు.

"ముసలితనంరా. చాదస్తం. దానికింత రాద్ధాంతమా?" అన్నాడు దేచమ్మ భర్త పూవయ్య.

"మీ చాదస్తానికి గొణుగుతారు మావయ్యా, కరవరు," అంది శిల్ప. "సాయంత్రంలోగా ఇదేదో తేల్చండి. లేకపోతే పాపను తీసుకుని మైసూరు మా అమ్మ దగ్గరికి పోతాను."

"అలా అనకే," అంటూ దేచమ్మ పాపను ఎత్తుకోబోయింది. గుడ్డ జారి కింద పడింది. శిల్ప ఆ చెయ్యి పట్టుకుని వెలుతురులోకి తిప్పింది.

"కత్తికి పైనా కిందా పళ్లుంటాయా అత్తయ్యా?"

దేచమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"తెలిసి కూడా నా బిడ్డను వాడి పక్కన ఆడుకోనిచ్చారు! మీకు కుక్క ఎక్కువైందా, మనవరాలు ఎక్కువైందా?"

"పాప జోలికి రాడనుకున్నానే... నిద్రలో ఏదో పొరపాటున..."

బోపన్న తల్లి చేతి వంక ఒకసారి చూశాడు. లోపలికి వెళ్లి గోడమీది తుపాకీ తీసుకుని వచ్చాడు.

"ఒరే, చొక్కాలో దాచుకుని తెచ్చావురా వాణ్ణి! ఇంత కుక్కపిల్ల!" అన్నాడు పూవయ్య.

"నేనే తెచ్చాను నాన్నా. నేనే తీసుకెళ్తాను. ఇంకొకడి చేతికి ఇవ్వను."

శిల్ప తుపాకీ చూసి తెల్లబోయింది. "నేను అన్నది ఇది కాదండీ... ఎవరికైనా ఇద్దామని..."

"కరిచే ముసలి కుక్కను ఎవరు తీసుకుంటారు?"

అప్పుడు పేలింది. ఆ తుపాకీ కాదు. మడి అవతల మాచయ్య ఇంటి వాకిట్లోంచి, పెంకులు అదిరేలా ఒక్క తూటా.

నలుగురూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఆ ఊళ్లో మగబిడ్డ పుడితే ఒకటి పేలుస్తారు, మనిషి పోతే రెండు. మాచయ్య మంచాన పడి ఉన్నాడు, ఆయన కోడలికి నెలలు నిండాయి. ఒకటి విన్నవాళ్లు రెండోదాని కోసం ఊపిరి బిగబట్టక తప్పదు. బిగబట్టారు. కాకులు లేచాయి, మళ్లీ వాలాయి. రెండోది రాలేదు.

"పిల్లాడు!" అని తొడ చరిచాడు పూవయ్య. "మాచయ్యకి మనవడ్రా!" అని, అంతలో కరియను చూపించి ఛాతీ విరిచాడు. "చూడండి! నెత్తిమీద పేలినట్టు పేలిందా? బెదిరాడా? చెవి కదిపాడా? మొన్న ఆయుధాల పండక్కి కొబ్బరికాయల్ని తుపాకులతో గురిపెట్టి కొడుతుంటే కూడా ఇంతే, రాయిలా పడుకున్నాడు. ఊరంతా మెచ్చుకుంది. వేటకుక్కంటే అదీ! అలాంటివాణ్ణి చంపుతారా?"

నిజమే, తుపాకీకి బెదరని కుక్కంటే ఆ ఊళ్లో కిరీటం పెట్టినంత. బోపన్న కూడా అప్పుడు మురిసినవాడే.

దేచమ్మ మాత్రం కుక్కవైపే చూస్తోంది. పొట్ట పైకీ కిందికీ ఆడుతోంది. చెవి రేకు మీద ఈగ.

"బెదరలేదు, సరే. లేవలేదేమండీ?" అంది నెమ్మదిగా.

"అంటే?"

"తుపాకీ పేలితే పొగ చెదిరేలోపు గేటు దగ్గర ఉండేవాడు కదా. పిట్ట ఎక్కడ పడిందా అని. ఇప్పుడు కళ్లు కూడా తెరవలేదు."

బోపన్న తుపాకీ గోడకు ఆనించాడు. రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాడు. వాడు పిల్లగా ఉన్నప్పుడు నేర్పిన ఈల అది, అడవి ఆ చివరి నుంచైనా తీసుకొచ్చే ఈల. కరియ కదల్లేదు. మళ్లీ వేశాడు. మూడోసారి గాలే వచ్చింది, ఈల రాలేదు.

శిల్ప పాపను అత్తగారికి అందించింది. కాఫీ పళ్లు నెరిపే పొడుగు కర్ర తెచ్చి, దూరం నుంచే తలుపు చెక్క చివర టకటకా కొట్టింది. ఆ అదురుకు కరియ తలెత్తాడు. అటూ ఇటూ చూశాడు. ఎదురుగా బోపన్న కనిపించగానే తోక చెక్కమీద కొట్టుకుంది.

"చెవులు పోయాయి వీడికి," అంది శిల్ప. "చెవిటివాణ్ణి నిద్రలో వెనకనుంచి పట్టుకుంటే మనిషైనా చెయ్యి విసురుతాడు."

పూవయ్య అరుగుమీద కూలబడ్డాడు. "నేను మురిసిపోయాను. ఊరంతా తిరిగి చెప్పుకున్నాను."

బోపన్న కరియ ఎదురుగా కూర్చుని రెండు చెవులూ నిమిరాడు. కళ్లు తుడుచుకుంటే భార్య చూస్తుందని తుడుచుకోలేదు, కారనిచ్చాడు.

మధ్యాహ్నం జీపులో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. చెవులు పూర్తిగా పోయాయన్నాడు. తుంటి కీళ్లు కూడా అరిగిపోయి నొప్పి పెడుతున్నాయట, ముట్టుకుంటే ఉలిక్కిపడేది అందుకు కూడా అన్నాడు. నొప్పికి మాత్రలిచ్చాడు. పడుకున్నప్పుడు ముట్టుకోవద్దు, ఎదుట నిలబడి లేపాలి, పిల్లను మాత్రం వాడితో ఒంటరిగా వదలొద్దు, వాడు ఎంత మంచివాడైనా సరే అన్నాడు. తర్వాత దేచమ్మ చెయ్యి చూసి మండిపడ్డాడు.

"కుక్కకేం తొందర లేదు. ముందు ఈవిణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లండి! కుక్కకాటు దాచుకునేదా?"

సూది వేయించుకుని ఇంటికి చేరేసరికి పొద్దు వాలింది. బోపన్న వసారాకు అడ్డంగా వెదురు తడిక కట్టి, పాప అటు వెళ్లకుండా గొళ్లెం పెట్టాడు. శిల్ప వేడినీళ్లు తెచ్చి అత్తగారి చెయ్యి ఒళ్లో పెట్టుకుని కడుగుతోంది.

"నాతో ఒక్క మాట అనుంటే?"

"అంటే తుపాకీ తీస్తారని భయపడ్డానే."

"నేను అడ్డం పడేదాన్ని కాదా? నన్ను అడక్కుండానే, నేను కూడా తుపాకీ తీయమంటానని అనేసుకున్నారు."

దేచమ్మ తల దించుకుంది. "పాప అటువైపు నడిచినప్పుడల్లా గుండె నోట్లోకి వచ్చేది. అయినా నోరు విప్పలేదు. వాణ్ణి కాపాడుతున్నాననుకుని పిల్లను పణంగా పెట్టాను. తప్పు నాదే."

శిల్ప కొత్త గుడ్డ చుట్టి ముడి వేసింది. "ఇకమీదట ఈ ఇంట్లో ఏది కరిచినా, కుక్కయినా, పామైనా, మావయ్యైనా, ముందు నాకే చెప్పాలి."

"మీ మావయ్య కరిస్తే చెప్పడానికేముందే," అంది దేచమ్మ, నవ్వుతూ ఏడుస్తూ. "ఆయన పళ్లు పోయి ఎన్నేళ్లయింది!"

"వినిపిస్తోంది నాకు!" అని అరిచాడు పూవయ్య వసారాలోంచి.