అడగకుండా పేరు చెప్పిన సర్వర్

ఆడి నెల (ఆషాఢం) అమ్మకాల కోసం గుణశేఖరం దాచిపెట్టిన లుంగీ డిజైన్ అరక్కోణం అంగళ్ళలో ముందే వేలాడింది.

గురువారం ఉదయం పది గంటలకు వేలూరు సైబర్ క్రైం ఎస్.ఐ. ఇంద్రాణి గుడియాత్తంలోని అతని దుకాణానికి వచ్చింది. అప్పటికే అతను దొంగను తేల్చేశాడు.

"ఆ పిల్లే మేడం. గీసిందీ అదే, అమ్ముకునిందీ అదే."

ఆ పిల్ల హేమశ్రీ. దుకాణంలో డిజైనర్. గోడవారగా నిలబడి ఉంది. ఫిర్యాదులో ఉన్నది ఆమె పేరొక్కటే. కేసు పడితే ఈ ఊళ్ళో మగ్గాలున్న ఏ యజమానీ ఆమెకు పనివ్వడు.

"డిజైన్లు యాడ పెడతారు?" ఇంద్రాణి అడిగింది.

"సర్వర్‌లో." జవాబిచ్చింది గుణశేఖరం కొడుకు యోగేష్. ఇంజినీరింగ్ చదివాడు. "సెటప్ అంతా నాదే మేడం. హ్యాక్ చేసేది ఎవరి వల్లా కాదు."

సర్వర్ బీరువా పక్కన ఉంది. దాని మీద గంధం, కుంకుమ, ఎండిపోయిన చామంతి దండ. ఆయుధపూజ నాటివి.

"దీన్ని అప్‌డేట్ చేసి ఎన్నాళ్ళయింది?"

"చేయలేదమ్మా," అన్నాడు గుణశేఖరం. "జోస్యుడు గడియ చూసి స్టార్ట్ చేయించినాడు. ఆపకూడదు, లోపల ఏదీ మార్చకూడదు అన్నాడు."

"జోస్యుడు యాడ చదివినాడు? మీవాడు చదివిన కాలేజీలోనేనా?"

యోగేష్ ఫోన్ చూసుకున్నాడు.

ఇంద్రాణి బల్ల మీద రెండు లుంగీలు పరిచింది. ఒకటి అరక్కోణంలో కొన్నది. రెండోది దుకాణం నేయించిన నమూనా. అరక్కోణం లుంగీ అంచులో గోపురాలు తలకిందులుగా ఉన్నాయి.

"అది నా తప్పు మేడం," హేమశ్రీ అంది. "మొదట అట్లా గీసినా. నెల కిందట ఒక మంగళవారం పొద్దున సర్వర్‌లో పెట్టినా. మర్నాడు బుధవారం రాంగానే దిద్దినా. పాతది తుడిచేసినా."

"ఆ మంగళవారం ఇక్కడికి ఎవరొచ్చినారు?"

"మంగళవారం మాకు బేరముండదమ్మా," గుణశేఖరం అన్నాడు. "ఆ రోజు ఎవరూ సరుకెత్తరు."

"ఎవరు కొన్నారని అడగలేదప్పా. ఎవరొచ్చినారని అడిగినా."

గుణశేఖరం ఆలోచించాడు. "తిరువేంగడం. అరక్కోణం ఏజెంటు. సుమ్మా, ఊరికే వచ్చినాడు. కాఫీ తాగినాడు, లాప్‌టాప్ చూసుకున్నాడు, పొయ్యినాడు. మన మనిషే."

"ఫోన్ చెయ్యండి. కొత్త డిజైన్లు వచ్చినాయని చెప్పండి. నా పేరు ఎత్తొద్దు."

మధ్యాహ్నం రెండు గంటలకు తిరువేంగడం వచ్చి దుకాణంలో పరుపు మీద కూర్చున్నాడు. కాఫీ వచ్చింది. గోడ మీద వైఫై పాస్‌వర్డ్ రాసి ఉంది, వచ్చిన వ్యాపారులందరికీ కనపడేలా. అతను దాని వంక చూడకుండానే లాప్‌టాప్ తెరిచాడు.

లోపలి గదిలోంచి ఇంద్రాణి వచ్చింది. మఫ్టీలో ఉంది. వెనక యోగేష్, హేమశ్రీ. ఇంద్రాణి కూడా తన లాప్‌టాప్ తెరిచి, గోడ మీది పాస్‌వర్డ్ కొట్టింది.

"యోగేష్ నాయనా, ఇట్లా రా. నేనేమీ వెతకలేదు. ఏం కనిపిస్తా ఉండాది?"

స్క్రీన్ మీద ఒక పేరు దానంతటదే వచ్చింది. దుకాణం పేరు, పక్కన 'డిజైన్స్'. ఆమె నొక్కింది. పాస్‌వర్డ్ అడగలేదు. ఫైళ్ళన్నీ తెరుచుకున్నాయి.

"మీ సర్వర్‌లో అవాహి అని ఒక సర్వీసు నడస్తా ఉండాది. 'నేనిక్కడ ఉండాను, నా దగ్గర ఇవి ఉండాయి' అని నెట్‌వర్క్‌లో అందరికీ చెప్పడమే దాని పని. ఎందుకు పెట్టినావు?"

"ప్రింటర్ కోసం మేడం."

"ఆ ప్రింటర్ యాడ?"

"పాత సామాన్లకేసినాం."

"ప్రింటర్ పోయినా దండోరా మిగిలింది. దండోరా వేసి, తలుపు తెరిచి, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టినారు. దొంగ మాత్రం ఈ పిల్ల!"

ఇంద్రాణి గుణశేఖరం వైపు తిరిగింది.

"ఈ పిల్ల అమ్ముకుని ఉంటే దిద్దిన డిజైనే అమ్మేది. తప్పు అని తెలిసినదాన్ని అమ్మదు. తలకిందుల గోపురం ఇక్కడ ఉన్నది ఆ మంగళవారం ఒక్కరోజే. ఆ రోజు బేరం లేదని తెలిసీ వచ్చినోడు ఒక్కడే."

తిరువేంగడం కప్పు కింద పెట్టాడు. "ఏమి మేడం, కాఫీ తాగినోళ్ళంతా దొంగలేనా?"

ఇంద్రాణి తన స్క్రీన్ అతని వైపు తిప్పింది. సర్వర్ పేరు కింద రెండో పేరు కనిపిస్తోంది. తిరువేంగడం.

"నీ లాప్‌టాప్ కూడా ఇదే దండోరా వేస్తా ఉందప్పా. నేను పోలీసును. ఫోల్డర్ నువ్వు తెరుస్తావా, సాక్షులను పెట్టి నేను తెరవాల్నా?"

అతను లాప్‌టాప్ మూయబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టి, అతని చేతనే ఫోల్డర్ తెరిపించింది. తన ఆఫీసు వాళ్ళ కోసం అతను షేర్ చేసిన ఫోల్డర్‌లో మొదటి ఫైలే తలకిందుల గోపురం.

స్టేషన్ నుంచి జీపు వచ్చి అతన్ని తీసుకెళ్ళింది. ఇంద్రాణి సర్వర్ ముందు కూర్చుంది.

"అమ్మా, ఇప్పుడు రాహుకాలం," గుణశేఖరం అన్నాడు. "మూడు దాటినాక ఆపితే..."

ఆమె కీబోర్డు మీద కొట్టింది. సర్వీసు ఆగింది. దాన్ని మళ్ళీ లేపే 'సాకెట్' అనే భాగాన్నీ ఆపింది. సర్వర్ రీస్టార్ట్ అయినా అవి లేవకుండా రెండింటినీ డిసేబుల్ చేసింది. ఇంకో లాప్‌టాప్‌లో చూసింది. పేరు కనిపించలేదు. సర్వర్ నడుస్తూనే ఉంది.

"ఆపింది అరవడాన్ని, సర్వర్‌ను కాదు. ఫోల్డర్‌కు పాస్‌వర్డ్ పెట్టండి. వచ్చేపోయే వాళ్ళ వైఫై వేరే చెయ్యండి. అది మీవాడికి చేతనైతే."

ఫిర్యాదులోంచి హేమశ్రీ పేరు కొట్టేయించి, గుణశేఖరం చేత సంతకం పెట్టించింది.

హేమశ్రీ టిఫిన్ బాక్సు సంచిలో పెట్టుకుంది. గుణశేఖరం గొంతు సవరించుకున్నాడు.

"రేపు పనికి వచ్చేయమ్మా."

హేమశ్రీ గడప దగ్గర చెప్పులు వేసుకుంది.

"జోస్యుణ్ణి అడిగి గడియ చూడండప్పా. ఆలోపల నేను ఇంకో చోట చేరతా."